తెర నల్లబడిన తరువాత కంప్యూటర్ బతికే ఉందా?

ప్రశ్న: నాలుగు నెలల క్రితం నా పాత గ్రాఫిక్స్ కార్డు తీసేసి, వేరొకరు వాడిన ఆర్‌టీఎక్స్ 3080 కార్డు కొని పెట్టుకున్నాను. ప్రాసెసర్ కోర్ ఐ7 13700కే, ర్యామ్ 32 జీబీ. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) 650 వాట్లది, పాత కార్డు రోజుల నుంచీ అదే ఉంది. ఈ మధ్య కొత్తగా వచ్చిన ఒక గేమ్ ఆడుతుంటే ఇరవై నుంచి నలభై నిమిషాల లోపు తెర ఒక్కసారిగా నల్లబడిపోతోంది, మానిటర్ మీద సిగ్నల్ లేదని వస్తోంది. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపి, మళ్ళీ వేస్తే ఏమీ జరగనట్టే పనిచేస్తుంది. పాత గేమ్‌లు గంటలకొద్దీ ఆడినా ఇబ్బంది లేదు. గేమ్‌ను రెండుసార్లు తీసేసి మళ్ళీ వేశాను, డ్రైవర్ కొత్తది వేశాను. విండోస్ తన సంఘటనలను రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని ఎర్ర గుర్తుతో వస్తోంది. విండోస్ మొత్తం మళ్ళీ వేయమని ఒక మిత్రుడు, కార్డు పోయింది మార్చెయ్యమని ఇంకొక మిత్రుడు అంటున్నారు. అన్నట్టు, తెర నల్లబడ్డాక కూడా గేమ్ శబ్దం కాసేపు వినిపిస్తుంది, కార్డు ఫ్యాన్లు మాత్రం పెద్దగా హోరెత్తుతాయి. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యాన్ని మీరు ‘అన్నట్టు’ అంటూ చివరన వేశారు. తెర నల్లబడ్డాక శబ్దం వినిపించడం, ఫ్యాన్లు హోరెత్తడం అన్న ఆ రెండు సంగతులే ఈ సమస్యను సగానికి పైగా విప్పుతున్నాయి. ఇద్దరు మిత్రుల సలహాల్లో ఒకటి దాదాపుగా అనవసరం, రెండోది నిజం కావచ్చు కానీ ఇంకా తొందరపాటు. ఎందుకంటున్నానో చెబుతాను.

గేమ్ మధ్యలో తెర నల్లబడడం అన్నది జ్వరం లాంటిది. అదొక లక్షణమే గాని, ఫలానా జబ్బు అని దానికదే చెప్పదు. అందువల్ల మొదట అడగవలసిన ప్రశ్న ‘దీన్ని ఎలా పోగొట్టాలి’ అన్నది కాదు, ‘తెర నల్లబడిన తరువాత ఏం జరుగుతోంది’ అన్నది. తెర నల్లబడి, కొద్ది క్షణాల్లో డెస్క్‌టాప్ తిరిగి కనిపించి, గేమ్ మాత్రం మూతపడి ఉంటే అది ఒక రకం. గేమ్ లోపలి తప్పో, డ్రైవర్ తడబాటో అందుకు కారణం కావచ్చు. కంప్యూటర్ మొత్తం ఠక్కున ఆగిపోయి తనంతట తానే మళ్ళీ మొదలైతే అది వేరొక రకం. ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి కరెంటు తెంచేసిందనో, ప్రాసెసర్ దగ్గర తీవ్రమైన లోపం వచ్చిందనో అనుమానించాలి. మీది ఈ రెండూ కాదు. మీ దగ్గర యంత్రం నడుస్తోంది, శబ్దం వస్తోంది, అంటే ప్రాసెసర్, ర్యామ్, విండోస్ కనీసం కాసేపైనా పనిలోనే ఉన్నాయి. బొమ్మను పంపవలసిన కార్డు ఒక్కటే పని వదిలేసి పోయింది. కార్డును అదుపు చేసే డ్రైవరుతో దానికి సంబంధం తెగిపోయినప్పుడు, వేడెక్కి పాడవకుండా ఫ్యాన్లను పూర్తి వేగంతో తిప్పేయడం చాలా కార్డులకు ఉన్న రక్షణ పద్ధతి. మీరు వింటున్న హోరు అదే కావచ్చు.

ఇక్కడ విండోస్ చేసే ఒక పనిని కొంచెం వివరంగా చెప్పాలి. 2007లో విస్టా వచ్చినప్పటి నుంచీ విండోస్‌లో ఒక కాపలా ఏర్పాటు ఉంది. గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చిన పని మామూలు అమరికల ప్రకారం రెండు సెకన్లలోపు ముందుకు కదలకపోతే, కార్డు చిక్కుకుపోయిందని విండోస్ తీర్మానించి, డ్రైవరును దింపి మళ్ళీ ఎక్కించి, కార్డును తిరిగి లేపడానికి ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నం ఫలిస్తే తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ వెలుగుతుంది, ఈవెంట్ వ్యూయర్‌లో డిస్‌ప్లే అన్న పేరు కింద 4101 అనే సంఖ్యతో ఒక నమోదు మిగులుతుంది. ప్రయత్నం ఫలించకపోతే, అంటే లేపుదామని పిలిచినా అవతల కార్డు పలకకపోతే, మీకు జరుగుతున్నదే జరుగుతుంది. ఈ రెండు సెకన్ల గడువును విండోస్ లోపలి అమరికల పట్టిక అయిన రిజిస్ట్రీలో ఎనిమిదికో పదికో పెంచితే చాలునని సలహాలు కనిపిస్తాయి. కార్డు నిజంగా బరువైన లెక్కల్లో మునిగి ఆలస్యం చేస్తున్నప్పుడు అది పనికొస్తుందేమో గాని, కార్డు అసలు పలకనే పలకని చోట గడువు పెంచడం వల్ల నల్లతెర ముందు మీరు ఇంకొన్ని సెకన్లు కూర్చోవడం తప్ప ఒరిగేది లేదు. దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు ఆ ‘కెర్నల్ పవర్ 41’ సంగతి. దీన్ని చూసి ఎస్‌ఎంపీఎస్ పోయిందని కొత్తది కొన్నవారిని చాలామందిని చూశాను. ఆ నమోదుకు అర్థం ఒక్కటే: కంప్యూటర్ కిందటిసారి పద్ధతిగా షట్ డౌన్ కాకుండా ఆగిపోయింది అని. ఎందుకు ఆగిందో అది చెప్పదు. మీ విషయంలో కంప్యూటర్‌ను ఆపింది మీరే, పవర్ బటన్ నొక్కి పట్టుకుని. ఆ నమోదును తెరిచి వివరాల పట్టీలో చూడండి. బగ్‌చెక్ కోడ్ అన్నచోట సున్నా ఉండి, పవర్ బటన్ టైమ్‌స్టాంప్ అన్నచోట సున్నా కాక పెద్ద సంఖ్య కనిపిస్తే అది మీ వేలి ముద్రే. మీరు చూడవలసింది ఆ ఎర్ర గుర్తును కాదు, దానికి ముందు నిమిషాల్లో ఏమున్నదో అది. విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరిచి, తెర నల్లబడిన సమయం దగ్గర 4101 ఉందా, ఎన్విడియా డ్రైవర్ పేరైన ‘ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం’ మీద తప్పులు ఉన్నాయా, ‘వియా లాగర్’ (WHEA-Logger) అన్న పేరుతో ఏమైనా ఉన్నాయా అన్నది కాగితం మీద రాసుకోండి. మొదటి రెండూ కార్డు వైపు చూపిస్తాయి. మూడోది ప్రాసెసర్ గాని, మదర్‌బోర్డు దారిలో గాని హార్డ్‌వేర్ లోపం గుర్తించబడిందని చెబుతుంది.

తరువాతి సారి తెర నల్లబడినప్పుడు వెంటనే పవర్ బటన్ మీదికి చెయ్యి పోనివ్వకండి. ఒక నిమిషం ఆగండి. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కి దాని దీపం వెలిగి ఆరుతోందో లేదో చూడండి. ఆరుతూ వెలుగుతూ ఉంటే విండోస్ ఇంకా మీ మాట వింటున్నట్టే. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ అనే నాలుగు కీలను ఒకేసారి నొక్కండి. డ్రైవరును మళ్ళీ మొదలుపెట్టమని చేత్తో చెప్పే పద్ధతి అది. చిన్న శబ్దం వచ్చి తెర తిరిగి వెలిగితే కార్డు బతికే ఉంది, తప్పు డ్రైవర్ వైపు ఉండే అవకాశం పెరుగుతుంది. ఏమీ కాకపోతే కార్డు నిజంగానే లేచి వెళ్ళిపోయిందని అనుకోవచ్చు.

మీకు ఇంకొక వసతి కూడా ఉంది, అది అందరికీ ఉండదు. మీ ప్రాసెసర్ పేరు చివర ‘కే’ మాత్రమే ఉంది, ‘కేఎఫ్’ లేదు. అంటే దానిలోనే చిన్న గ్రాఫిక్స్ విభాగం ఉంది. బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు అమరికల్లో, దాన్ని ఆన్ చేసి, మానిటర్ రెండో ఇన్‌పుట్‌కు గాని, ఇంకొక మానిటర్‌కు గాని మదర్‌బోర్డు నుంచి ఒక కేబుల్ పెట్టుకోండి. గేమ్ మామూలుగానే కార్డు మీద నడుస్తుంది. కార్డు తెర నల్లబడినప్పుడు, విండోస్ పూర్తిగా బిగుసుకుపోకపోతే, ఆ రెండో తెర వెలుగుతూనే ఉంటుంది. అక్కడ డివైస్ మేనేజర్ తెరిచి చూస్తే మీ 3080 పేరు పక్కన పసుపు గుర్తుతో కోడ్ 43 ఉందో, అసలు ఆ పేరే మాయమైపోయిందో కనిపిస్తుంది. పేరు ఉండి కోడ్ 43 ఉంటే కార్డు బోర్డుకు కనిపిస్తూనే లోపం చెబుతోంది. పేరే లేకపోతే బోర్డు దృష్టిలో ఆ స్లాటులో కార్డు లేనట్టే. అది కరెంటు అందక పడుకున్న కార్డు లక్షణం, లేదా స్లాటులో సరిగా కూర్చోని కార్డు లక్షణం. నల్లతెర ముందు ఊహలు అల్లుకుంటూ వారం గడపడం కంటే ఈ పది నిమిషాల ఏర్పాటు మేలు.

ఇక కారణాల్లోకి వెళదాం. మీరు చెప్పిన వస్తువుల లెక్క చూస్తే నా మొదటి అనుమానం కార్డుకు కరెంటు అందే దారి మీద పడుతోంది. ఆర్‌టీఎక్స్ 3080, పది జీబీ రకానికి ఎన్విడియా ప్రకటించిన కరెంటు వాడకం 320 వాట్లు, దానికి సూచించిన ఎస్‌ఎంపీఎస్ 750 వాట్లది. మీ దగ్గర ఉన్నది 650. ఇంతమాత్రాన సరిపోదని నేను అనను. గేమ్ ఆడేటప్పుడు మీ ప్రాసెసర్ తన గరిష్ఠమైన 253 వాట్లకు అరుదుగా పోతుంది, సగటున లెక్క వేస్తే 650లో సర్దుకుపోయినట్టే కనిపిస్తుంది. చిక్కు సగటులో లేదు. ఈ తరం పెద్ద కార్డులు మిల్లీసెకన్ల పాటు, అంతకంటే తక్కువ సేపు కూడా, తమ సగటు కంటే బాగా ఎక్కువ కరెంటును ఒక్క గుటకలో లాగుతాయి. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే వాట్ల సంఖ్య సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి చదివిన సగటు గనుక ఈ గుటకలు అందులో కనిపించవు. ఈ సమస్య ఎంత నిజమంటే, 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. మీ ఎస్‌ఎంపీఎస్ ఆ రోజులకంటే ముందుదై ఉంటే ఈ కార్డును దృష్టిలో పెట్టుకుని తయారైనది కాదు.

అయితే ఒక మెలిక ఉంది, దాన్ని దాటవేయకూడదు. భారం మరీ ఎక్కువై ఎస్‌ఎంపీఎస్ రక్షణ పనిచేస్తే యంత్రం మొత్తం ఆగిపోవాలి. మీ యంత్రం ఆగడం లేదు, కార్డు ఒక్కటే పోతోంది. అందుకని ఎస్‌ఎంపీఎస్ డబ్బాను నిందించే ముందు, దానికీ కార్డుకూ మధ్య ఉన్న తీగలను, కనెక్టర్లను చూడాలి. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు, ఒక్కొక్క ఎనిమిది పిన్నుల కనెక్టర్ నుంచి 150 వాట్లు అందాలన్నది ప్రమాణం. మీ కార్డుకు రెండు కనెక్టర్లు ఉంటే, ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేరు వేరు కేబుళ్ళు వచ్చి వాటిలో కూర్చున్నాయా, లేక ఒకే కేబుల్ చివర తోక లాగా రెండో కనెక్టర్ వేలాడుతుంటే అదే రెండింటిలోనూ గుచ్చారా? పాత కార్డు తీసి కొత్తది పెట్టేవారిలో చాలామంది, అక్కడ అప్పటికే ఉన్న కేబుల్ తోకను రెండో కనెక్టర్‌లో పెట్టి ఊరుకుంటారు. చిన్న కార్డుకు అది నడుస్తుంది. 320 వాట్ల కార్డుకు, ఒక్క కేబుల్ మీద ఆ గుటకలన్నీ పడితే, కార్డు దగ్గరికి వచ్చేసరికి 12 వోల్టులు దిగజారి, కార్డు తనను తాను మూసుకుంటుంది. యంత్రం ఆపి, ప్లగ్ తీసి, రెండు వేరు కేబుళ్ళు పెట్టండి. ఒక హెచ్చరిక మాత్రం మరవకండి: కేబుళ్ళు ఊడదీసి పెట్టుకునే రకం ఎస్‌ఎంపీఎస్ అయితే దానితో వచ్చిన కేబుళ్ళే వాడాలి. వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుల్ ఆ కన్నంలో చక్కగా దూరినా, లోపలి తీగల వరుస వేరుగా ఉండి కార్డును కాల్చేసే ప్రమాదం ఉంది.

కేబుల్ చివర ఉన్న చిన్న గొళ్ళెం ‘టక్’ మని పడేదాకా నొక్కండి, తరువాత మెల్లగా వెనక్కి లాగి చూడండి. ఇది చాదస్తంగా అనిపించవచ్చు. నా దగ్గరి బంధువు యంత్రం ఒకటి సరిగ్గా మీ దానిలాగే ప్రవర్తించింది. డ్రైవర్లు మార్చాం, గేమ్ మార్చాం, ఏదీ కుదరలేదు. క్యాబినెట్ పక్క తలుపు తీసి ఉంచితే రాత్రంతా ఆడినా ఏమీ కాదు, తలుపు మూస్తే అరగంటలో తెర నల్లబడుతుంది. ఎవరైనా ఏమనుకుంటారు? వేడి అనుకుంటారు, నేనూ అదే అనుకున్నాను. కానీ ఉష్ణోగ్రతలు నమోదు చేసి చూస్తే తలుపు తీసినా మూసినా తేడా నాలుగైదు డిగ్రీలే. చివరికి తేలిందేమిటంటే, తలుపు లోపలి వైపు కేబుల్‌ను నొక్కుతోంది, కేబుల్ వంగి, గొళ్ళెం పడని కనెక్టర్‌ను ఒక పక్కకు ఎత్తుతోంది. కనెక్టర్‌ను ఊడదీసి చూస్తే రెండు పిన్నుల దగ్గర తెల్లటి ప్లాస్టిక్ కాస్త గోధుమరంగుకు తిరిగి ఉంది. ఇంకొన్ని వారాలు అలాగే నడిచి ఉంటే కార్డు కూడా పోయేదే. మీరు కూడా కనెక్టర్ ఊడదీసినప్పుడు లోపలి రంగును వెలుతురులో ఒకసారి చూడండి.

తీగలన్నీ సరిచేశాక, ఒక పరీక్ష చేయండి. డబ్బు ఖర్చు లేదు, తిరిగి వెనక్కి తీసుకోవచ్చు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఉపకరణంలో పవర్ లిమిట్ అన్నదాన్ని 70 శాతానికి దించండి. అంటే కార్డు 320 బదులు దాదాపు 224 వాట్ల దగ్గర ఆగుతుంది. గేమ్ లోపల ఫ్రేములను, అంటే సెకనుకు తెర మీద పడే బొమ్మలను, కూడా 60 దగ్గర కట్టేయండి. చాలా గేమ్‌లలో వేగం ముప్పై శాతం తగ్గదు, అంతకంటే తక్కువే తగ్గుతుంది గనుక ఆడుకోవడానికి ఇబ్బంది ఉండదు. ఇలా మూడు నాలుగు రోజులు, రోజుకు రెండేసి గంటలు ఆడండి. ఒక్కసారి కూడా తెర నల్లబడకపోతే, సమస్య గేమ్‌లో లేదు, విండోస్‌లో లేదు. కార్డు బరువెత్తినప్పుడు తట్టుకోలేని చోట ఎక్కడో ఉంది. 70 శాతంలోనూ అదే వేగంతో నల్లబడుతుంటే కరెంటు అనుమానం బాగా సన్నగిల్లుతుంది, డ్రైవర్ వైపు తిరగాలి. మీ పాత గేమ్‌లు ఎందుకు హాయిగా నడుస్తున్నాయో కూడా దీన్ని బట్టే అర్థమవుతుంది. అవి ఈ కార్డును పూర్తిగా పనిలో పెట్టడం లేదు, అంతే. పాత గేమ్ బాగా నడుస్తోంది కాబట్టి హార్డ్‌వేర్ బాగుందనుకోవడం, ఖాళీ బండి కొండ ఎక్కింది కాబట్టి బరువు బండీ ఎక్కుతుందనుకోవడం లాంటిది.

ఈ పరీక్ష జరుగుతున్నంతసేపూ హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ఉపకరణాన్ని వెనక నడపండి, దాని లెక్కలను ఫైలులోకి రాయించే ఏర్పాటు ఆన్ చేయండి. తెర నల్లబడినా ఆ ఫైలులో చివరి వరుస దాకా మిగిలి ఉంటుంది. దానిలో చూడవలసినవి నాలుగే: కార్డు ఉష్ణోగ్రత, దానిలోని మెమరీ ఉష్ణోగ్రత, కార్డు వాట్లు, ఎనిమిది పిన్నుల కనెక్టర్ల దగ్గర వోల్టులు. ఈ చివరిది చాలా మాట్లాడుతుంది. 12 వోల్టుల తీగ 11.4కు దిగకూడదన్నది ఏటీఎక్స్ ప్రమాణం. ఊరికే ఉన్నప్పుడు 12.1, బరువు పడినప్పుడు 11.8 ఉంటే కంగారు లేదు. రెండు కనెక్టర్లలో ఒకటి 11.9 దగ్గర ఉండి రెండోది బరువు పడ్డప్పుడల్లా 11.5కు జారుతుంటే, ఆ రెండో కేబులే దొంగ.

వేడి గురించి ఎక్కువ చెప్పను. ఇరవై నలభై నిమిషాల తరువాత జరుగుతోంది కాబట్టి వేడే అని చాలామంది తేల్చేస్తారు, కానీ బరువు పడిన పది పదిహేను నిమిషాల్లోనే కార్డు తన గరిష్ఠ ఉష్ణోగ్రతకు చేరి అక్కడే నిలబడుతుంది. ఆ తరువాత ఇరవై నిమిషాలకు పోవడానికి వేడి ఒక్కటే కారణమైతే ఆ ఫైలులో అంకె పెరుగుతూ పోవాలి. 3080కి ఎన్విడియా చెప్పిన హద్దు 93 డిగ్రీలు, దాని మెమరీ 110 దగ్గర వేగం తగ్గించుకుంటుంది. వాడిన కార్డు గనుక మెమరీ వేడిని బయటికి లాగే ప్యాడ్లు ఎండిపోయి ఉండే అవకాశం ఉంది, మెమరీ ఎప్పుడూ 106, 108 చూపిస్తుంటే ఆ ప్యాడ్లు మార్పించండి. 90 లోపు ఉంటే వేడిని మరిచిపోండి. కాలం కంటే చోటును గమనించడం మంచిది: ప్రతిసారీ గేమ్‌లో ఒకే ప్రదేశంలోకి, ఒకే పెద్ద యుద్ధంలోకి వెళ్ళినప్పుడే జరుగుతోందా? అయితే నలభై నిమిషాలన్నది గడియారం లెక్క కాదు, మీరు అక్కడికి చేరడానికి పట్టే సమయం.

డ్రైవర్ విషయంలో మీరు చేసింది సగం పని. పాతదాని మీద కొత్తది వేస్తే పాత కార్డు కాలంనాటి అవశేషాలు మిగిలిపోవచ్చు, అందులోనూ మీరు కార్డు మార్చారు. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉపకరణాన్ని సేఫ్ మోడ్‌లో నడిపి మొత్తం ఊడ్చేసి, ఇంటర్నెట్ తీసి ఉంచి, డ్రైవర్ మళ్ళీ వేయండి. ఇంటర్నెట్ ఎందుకు తీయమంటున్నానంటే, మీరు వేసేలోపు విండోస్ తనకు నచ్చిన డ్రైవరును తానే తెచ్చి పెట్టేస్తుంది. కొత్త డ్రైవరే మంచిదన్న నియమం లేదు. సమస్య మొదలయ్యే ముందు నాటి డ్రైవర్ ఒకటి వేసి చూడడం న్యాయమైన పరీక్ష. అదే ఊపులో, ఆఫ్టర్‌బర్నర్‌లో కార్డు కోర్ వేగాన్ని 50 నుంచి 100 మెగాహెర్ట్జ్ తగ్గించి చూడండి. చాలా కార్డులు ఫ్యాక్టరీ నుంచే కొంచెం ఎక్కువ వేగానికి తిప్పబడి వస్తాయి, నాలుగేళ్ళు నడిచాక ఆ కొంచెమే భారమవుతుంది. మునుపటి యజమాని కార్డుకు విడిగా ఉండే బయాస్‌ను మార్చి ఉండవచ్చు కూడా. కార్డు మీద రెండు బయాస్‌ల చిన్న మీట ఉంటే, యంత్రం ఆపి దాన్ని రెండో వైపు తిప్పి చూడండి.

మీ ప్రాసెసర్ గురించి కూడా ఒక మాట, ఇది ఈ నల్లతెరకు కారణమని కాదు. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజి ఎక్కువై క్రమంగా స్థిరత్వం తగ్గే లోపం ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుని, ఆగస్టులో ఒకటి, సెప్టెంబరులో 0ఎక్స్12బీ అనే ఇంకొకటి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు విడుదల చేసింది, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఆ లోపం ఉన్న యంత్రాల్లో గేమ్‌లు గ్రాఫిక్స్ మెమరీ చాలలేదంటూ మూతపడడం, షేడర్లు (కార్డు బొమ్మ గీయడానికి వాడే చిన్న ప్రోగ్రాములు) తయారయ్యే సమయంలో కుప్పకూలడం ఎక్కువగా కనిపించింది. మీ లక్షణాలు అవి కావు. అయినా మీ మదర్‌బోర్డు బయాస్ 2024 అక్టోబరు కంటే పాతదైతే దాన్ని కొత్తదానికి మార్చడం మీ మంచికే. ర్యామ్ ఎక్స్‌ఎంపీ ఒక రోజు ఆపి చూడడం కూడా మంచిదే; ఎక్స్‌ఎంపీ అన్నది ర్యామ్‌ను దాని మామూలు వేగానికి పైన నడపడమే గాని హామీ కాదు. కానీ ఇవన్నీ ఒకే రోజు చేయకండి. ఒకటి మార్చండి, రెండు రోజులు ఆడండి, రాసుకోండి, తరువాతిది మార్చండి. నాలుగు కలిపి మార్చి బాగైతే ఏది బాగుచేసిందో మీకు తెలియదు, నెల తిరక్క మళ్ళీ వస్తే మళ్ళీ మొదటికే.

గేమ్ వైపు చేయవలసింది కొద్దిగానే ఉంది. స్టీమ్‌లో గేమ్ ఫైళ్ళను సరిచూసే ఏర్పాటు నడిపితే మళ్ళీ మొత్తం దించుకునే పని లేకుండానే చెడిన ఫైళ్ళు మారతాయి. మీరు రెండుసార్లు మొత్తం వేసినందువల్ల అది కూడా ఇక అవసరం లేదు. డిస్కార్డ్ లాంటివి గేమ్ మీద చూపించే పై పొరలను ఆపండి. గేమ్ కార్డుతో మాట్లాడే పద్ధతి అయిన డైరెక్ట్‌ఎక్స్‌లో 11, 12 రెండూ ఉంటే, ఇప్పుడు వాడుతున్నది కాక రెండోదానికి మార్చి ఒకసారి చూడండి. 11లో నిలబడి 12లో పడిపోతే డ్రైవర్ మీద అనుమానం పెరుగుతుంది గాని, 12 కార్డును ఎక్కువ బరువెత్తించి ఉండవచ్చన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అన్నిటికంటే ముందు మీ సేవ్ ఫైళ్ళను వేరే చోటికి కాపీ చేసుకోండి. పవర్ బటన్ నొక్కి ఆపే ప్రతిసారీ, ఆ క్షణంలో రాస్తున్న సేవ్ ఫైలు చెడే అవకాశం ఉంటుంది, అప్పుడు ఒక సమస్య రెండవుతుంది.

విండోస్ మళ్ళీ వేయమన్న మిత్రుడి సలహాను పక్కన పెట్టండి. కార్డు పేరే బోర్డుకు కనిపించకుండా పోతున్నప్పుడు విండోస్ కొత్తదైనా పాతదైనా దానికి తెలిసేది ఒక్కటే, కార్డు లేదని. ఒక రోజంతా పోతుంది, ప్రోగ్రాములన్నీ మళ్ళీ వేసుకోవాలి, చివరికి ఇరవై నిమిషాల ఆట తరువాత అదే నల్లతెర.

రెండో మిత్రుడు చెప్పింది నిజమా అన్నది తేల్చడానికి ఒక్కటే నమ్మదగిన దారి. తీగలు సరిచేసి, డ్రైవర్ శుభ్రం చేసి, 70 శాతం పరీక్ష అయ్యాక కూడా పూర్తి బరువులో తెర నల్లబడుతూనే ఉంటే, మీ కార్డును 750 వాట్లో అంతకంటే ఎక్కువో ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్ గల వేరొకరి యంత్రంలో పెట్టించి, ఇదే గేమ్‌ను, ఇదే ప్రదేశంలో, ఒక గంట ఆడి చూడండి. అక్కడ నిలబడితే మీకు కావలసింది కొత్త ఎస్‌ఎంపీఎస్, కార్డు కాదు. అక్కడ కూడా అదే హోరుతో పడిపోతే కార్డే పోయింది. అమ్మినవారితో మాట్లాడేటప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఫైలును, రెండు యంత్రాల ఈవెంట్ నమోదులను చూపించండి. వాళ్ళు వాపసు తీసుకోకపోతే, కొత్త కార్డు కొనేదాకా పవర్ లిమిట్‌ను 70 దగ్గరే ఉంచి, అది నిలబడినన్నాళ్ళు ఆడుకోవచ్చు.